అక్కా, చెల్లెలా? ఈజిప్టు రాణి మీద నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. హత్షెప్సుట్ మీద తెలుగులో నవల రాయాలన్న నీ పట్టుదల నాకు చాలా నచ్చింది. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేదంతా చూసి నువ్వు నిరుత్సాహపడకూడదు. నువ్వు అడిగింది ఒక్కటే ప్రశ్న, “ఈజిప్టు రాజుల మీద, రాణుల మీద ఇప్పటికే పద్నాలుగు నవలలు చదివాను, రాయడం మొదలుపెట్టాక కూడా చదువుతూనే ఉండాలా, ఇక ఆపేయాలా” అని. ఆపొద్దు. కానీ చదివే పద్ధతి మార్చు.

నీ మొదటి అధ్యాయంలో రాణి పుంట్ దేశానికి మనుషుల్ని పంపిస్తుంది, ఎడారిలో ఒంటెల బారు సాగిపోతూ ఉంటుంది. ఆ ఒంటెల్ని నువ్వు ఊహించలేదు, ఏదో నవల్లోంచి నడుచుకుంటూ నీ కాగితాల మీదికి వచ్చేశాయి. హత్షెప్సుట్ ఏలింది సుమారుగా క్రీ.పూ. 1479 నుంచి 1458 వరకు. అప్పట్లో ఈజిప్టులో సరుకు మోసేవి గాడిదలు, పడవలు. ఒంటె అక్కడ మామూలు జంతువు కావడానికి ఇంకా కొన్ని వందల ఏళ్ళు పడుతుంది. మూడో అధ్యాయంలో పడవ నడిపేవాడికి బంగారు నాణేలు ఇప్పించావు. నాణెం అనేదే అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. కూలి అంటే రొట్టె, బీరు, ధాన్యం.

ఇవి చిన్న తప్పులు, ఒక పూటలో దిద్దుకోవచ్చు. నా బెంగ వీటి గురించి కాదు. నీ హత్షెప్సుట్ కూడా ఆ ఒంటెల్లాగే వేరే ఎవరి నవల్లోంచో నడిచి వచ్చింది. అధికారం కోసం పసివాడి నోటికాడ కూడు లాక్కున్న సవతి తల్లి, మనసులో పగ పెంచుకుంటూ ఎదిగిన పిల్లాడు, ఆమె చనిపోయిన మర్నాడే ఉలి పట్టుకుని గోడల మీద ఆమె పేరు చెక్కి చెరిపేసే సీను. నువ్వు ఆ సీనుతోనే నవల ముగిస్తానని రాశావు కదా, అక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆ సీను నేనూ ఒకప్పుడు రాశాను. ఇరవై రెండేళ్ళప్పుడు అనువాదంలో వచ్చిన ఒక నవల ఒక్క రాత్రిలో చదివేసి, ఆ ఊపులో కథ రాసి ఒక వారపత్రికకు పంపితే వేశారు, నలుగురూ మెచ్చుకున్నారు. అది అబద్ధమని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

పాత చరిత్రకారులు అలాగే నమ్మారు మరి. హత్షెప్సుట్ భర్త రెండో థుట్మోస్ చనిపోయాడు, వేరే భార్య ఇసెట్ కొడుకు మూడో థుట్మోస్ చిన్నపిల్లాడు, వాడి తరఫున ఈమె పాలన చూసింది, కొన్నేళ్ళకు తనే రాజైంది, తర్వాత ఈమె బొమ్మలూ పేర్లూ ఉలితో చెరిపేసి ఉన్నాయి. ఇంతవరకే రాళ్ళు చెప్పాయి. మిగతాది చూసినవాళ్ళు కలుపుకున్నారు. ఆమె కట్టించిన దేర్ ఎల్ బహ్రీ గుడి దగ్గర 1920లలో ఆమె విగ్రహాలు ముక్కలు ముక్కలుగా గోతుల్లో బయటపడేసరికి, ఇంత పగ ఎవరికి ఉంటుంది అనుకున్నారు, సవతి కొడుక్కే ఉంటుంది అనుకున్నారు, నవలలన్నీ ఆ దారినే వెళ్ళాయి. 1966లో చార్ల్స్ నిమ్స్ అనే పండితుడు తేదీలు సరిచూసి, ఆ చెరిపివేత మూడో థుట్మోస్ పాలనలో 42వ ఏడు కంటే ముందు మొదలుకాలేదని చూపించాడు. హత్షెప్సుట్ 22వ ఏడు నాటికే లేదు. అంటే ఇరవై ఏళ్ళు! పగతో రగిలిపోయే మనిషి ఇరవై ఏళ్ళు ఆగుతాడా? తన తర్వాత కొడుకు పట్టాభిషేకానికి ఏ అడ్డూ ఉండకూడదని చేయించి ఉంటాడని ఇప్పుడు చాలామంది అంటారు. కోపం కంటే ఆ ముసలి రాజు లెక్క నాకు ఎక్కువ భయం వేస్తుంది. తనను పెంచిన మనిషి పేరు తుడిపించమని, ఏ కోపమూ లేకుండా, పొద్దున్నే పనివాళ్ళకు పురమాయించడం. దాన్ని రాయగలిగితే రాయి.

అందుకే అంటున్నాను, ఇకమీదట ఏ నవల చదివినా పక్కన నోటుబుక్కు పెట్టుకో. ఒక సీను నిన్ను పట్టేసిన చోట ఆగి, ఇందులో రాయి చెప్పింది ఎంత, రచయిత కలిపింది ఎంత అని చూడు. మా అమ్మమ్మ బొంత కుడితే పైకి కుట్టు కనిపించేది కాదు, కానీ చేత్తో తడిమితే ఏ గుడ్డ ఎక్కడ ముగిసిందో తెలిసేది. నవలనీ అలా తడమాలి. తడిమితే ఆనందం పోతుందని భయపడకు. నాకైతే పెరిగింది. మంచి రచయిత రాయి ఆగిపోయిన చోటి నుంచి ఎంత నమ్మకంగా అడుగు వేశాడో అప్పుడే కనిపిస్తుంది, కానివాడు రాయి దాకా వెళ్ళకుండానే మొదలుపెట్టాడని కూడా అప్పుడే కనిపిస్తుంది.

హత్షెప్సుట్ ఎప్పుడు రాజైందన్న దానికి సాక్ష్యం ఎక్కడ దొరికిందో తెలుసా? సింహాసనం దగ్గర కాదు, కుండల మీద. ఆమె కొలువులో పెద్ద అధికారి సెనెన్‌ముట్ తన తల్లిదండ్రులకు కట్టించిన సమాధి 1936లో బయటపడింది. రమోసె, హత్నొఫెర్ వాళ్ళ పేర్లు. రాజవంశీకులేం కాదు, మామూలు మనుషులు. ఆ సమాధిలో పెట్టిన కుండల్లో ఒకదాని మీద ఏడో ఏడు, అంటే మూడో థుట్మోస్ పాలనలో ఏడో ఏడు, అని రాసి ఉంది, మరొకదాని మీద ‘దేవుడి భార్య హత్షెప్సుట్’ అని ముద్ర, ఇంకా కొన్నిటి మీద ‘మంచి దేవత మాత్‌కరె’ అని ముద్ర. ‘దేవుడి భార్య’ అన్నది ఆమె రాణిగా ఉన్నప్పటి బిరుదు, మాత్‌కరె అంటే ఆమె రాజుగా పెట్టుకున్న పేరు. పాత ముద్ర, కొత్త ముద్ర ఒకే గదిలో పక్కపక్కన. ఒక ముసలమ్మ అంత్యక్రియల కోసం ఎవరో హడావుడిగా కుండలు సర్దారు, సామ్రాజ్యం చేతులు మారిన సంగతి ఆ సర్దడంలో మిగిలిపోయింది. నేనైతే నవలను ఇక్కడ మొదలుపెడతాను. పట్టాభిషేకం సీను ఎవరైనా రాస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు చదివిన పద్నాలుగూ ఇంగ్లీషులో చదివావు, నవల మాత్రం తెలుగులో రాస్తున్నావు. ఇంగ్లీషులో రాసేవాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది, మనకు లేదు. హత్షెప్సుట్, రెండో థుట్మోస్ ఇద్దరూ మొదటి థుట్మోస్ బిడ్డలే, తల్లులు వేరు. ఇంగ్లీషులో సిస్టర్ అంటే సరిపోతుంది, పెద్దదో చిన్నదో చెప్పక్కర్లేదు. ప్రాచీన ఈజిప్టు భాషలోనూ అంతే, ‘సెనెత్’ అన్న ఒక్క మాటే తోబుట్టువుకూ వాడారు, ప్రేమ కవితల్లో ప్రియురాలికీ వాడారు. తెలుగులో నువ్వు మొదటి పేజీలోనే తేల్చుకోవాలి, అతనికి ఆమె అక్కా, చెల్లెలా? అక్క అయితే ఆ పెళ్ళిలో ఒక రకం మాట చెల్లుతుంది, చెల్లెలైతే ఇంకో రకం. నీ అధ్యాయాల్లో మొదట అక్క అన్నావు, పదకొండో పేజీకి చెల్లెలు అయిపోయింది. నువ్వు గమనించలేదంటే, ఇంగ్లీషులో ఊహించుకుని తెలుగులో దింపుతున్నావన్నమాట.

ఇంకా గట్టి చిక్కు పిల్లాడి దగ్గర ఉంది. మూడో థుట్మోస్‌కు ఆమె ఏమవుతుంది? తండ్రి పెద్ద భార్య కాబట్టి మన లెక్కలో పెద్దమ్మ. తండ్రి తోబుట్టువు కాబట్టి మేనత్త. అవును, రెండూ ఒకేసారి. ఆమె కూతురు నెఫెరురెను అతనికిచ్చి చేశారని కొందరు అంటారు, చేయలేదని కొందరు. నీ నవల్లో చేస్తే పిల్లనిచ్చిన అత్తగారు కూడా అవుతుంది. నువ్వు మాత్రం మూడు అధ్యాయాల్లోనూ ‘సవతి తల్లి’ అని రాసుకుంటూ పోయావు. ఆ మాట వాడగానే తెలుగు పాఠకుడి మనసు వెంటనే తీర్పు చెప్పేస్తుంది, మనం చిన్నప్పుడు విన్న కథలన్నీ ఆ తీర్పు వైపే ఉన్నాయి, ఇక నువ్వు నాలుగు వందల పేజీలు రాసినా దాన్ని మార్చలేవు. అదే పిల్లాడు ఆమెను ‘అత్తా’ అని పిలిచాడనుకో. పుట్టింటి ఆడపడుచు, నాన్న లేని పిల్లాణ్ణి చేరదీసిన మేనత్త, ఆ చనువు, ఆ అధికారం, లోపల ఎక్కడో చిన్న లెక్క, అన్నీ ఆ ఒక్క పిలుపులో వచ్చేస్తాయి. ‘పెద్దమ్మా’ అంటే మళ్ళీ వేరే ఇల్లు. నువ్వు ఏ పిలుపు ఎంచుకుంటే నీ నవల ఆ కథ అవుతుంది. ఇంగ్లీషు నవలాకారుడు ఈ ముడి పడకుండానే దాటిపోగలడు, నువ్వు విప్పాలి. ఇది బరువే, కానీ నిజంగా ఇది నీకు దొరికిన అదృష్టం అనుకుంటున్నాను.

ఆ తోబుట్టువుల పెళ్ళి గురించి ఒక్క మాట. మేనరికం మనకు తెలుసు, ఇది తెలియదు. నువ్వు పాఠకుడికి ఎక్కడ వెగటు పుడుతుందోనని రెండు పేజీలు వివరణ ఇచ్చావు. తీసెయ్. వాళ్ళింట్లో అది మామూలు, మామూలుగానే ఉండనీ.

క్రియాపదం గురించి కూడా రాయాలి, ఎందుకంటే నీ మూడో అధ్యాయం చివర నువ్వు తెలియకుండానే ఒక మంచి పని చేశావు. 1829లో, ఈజిప్టు చిత్రలిపిని చదివి చెప్పిన ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ దేర్ ఎల్ బహ్రీ గుడికి వెళ్ళినప్పుడు గోడ మీద గడ్డం పెట్టుకున్న రాజు బొమ్మ ఉంది, పక్కనున్న రాతలో మాత్రం స్త్రీలింగ ప్రత్యయాలు ఉన్నాయి. ఆయన ఆశ్చర్యపోయాడు. బొమ్మ చెక్కినవాళ్ళు మగరాజును చెక్కారు, రాత రాసినవాళ్ళు ‘రె దేవుడి కూతురు’, అంటే సూర్యుడి కూతురు, అనే రాశారు. రెండూ ఒకే గోడ మీద ఉన్నాయి. ఇంగ్లీషులో ‘రాజు కూర్చొనెను’ లాంటి వాక్యం రాస్తే క్రియలో ఆడామగా తెలియదు. తెలుగులో తెలుస్తుంది. నువ్వు రాసిన వాక్యం ఇది, “రాజు సింహాసనం మీద కూర్చుంది.” నేను కుర్చీలో నిటారుగా అయిపోయాను! ఆ గోడ మీద లేఖకులు చేసింది సరిగ్గా ఇదే. తర్వాతి పేరాలో మళ్ళీ ‘రాణి’ అని వెనక్కి తగ్గావు. తగ్గకు. ఎవరి నోట ఏ క్రియ వస్తుందో నవలంతా చూసుకో. భయపడే గుమాస్తా ‘రాజుగారు వచ్చారు’ అంటాడు, ఆ ‘వచ్చారు’లో ఆడా లేదు మగా లేదు, తప్పించుకోవడానికి మనకున్న మంచి దారి అది. ఆమెను చిన్నప్పటి నుంచి పెంచిన దాది మాత్రం ‘వచ్చింది’ అనే అంటుంది, నలుగురిలో నాలుక కరుచుకుంటుంది. ఎదుగుతున్న థుట్మోస్ ఏమంటాడో, ఏ వయసులో ఆ క్రియ మారుస్తాడో, అక్కడ నీకు ఒక అధ్యాయం ఉంది.

సెనెన్‌ముట్‌ను ప్రేమికుణ్ణి చేశావు. దాదాపు అందరూ చేశారు. నేను వద్దనను, కానీ రాయి ఇచ్చినదాన్ని ముందు చూడు. అతని విగ్రహాలు ఇరవైకి పైగా ఉన్నాయి, వాటిలో చాలావాటిలో అతను చిన్న నెఫెరురెను ఎత్తుకుని ఉంటాడు. ఒకదానిలో చతికిలబడి కూర్చున్న అతని వస్త్రంలోంచి పాప తల మాత్రం బయటికి కనిపిస్తుంది, చలిలో పిల్లను దుప్పట్లో చుట్టుకున్నట్టు. గుడిలో గూళ్ళ తలుపుల వెనక, తలుపు తీస్తే మరుగున పడిపోయే చోట తన బొమ్మ చెక్కించుకున్నాడు. ఒక మనిషి అంత పెద్ద గుడిలో ఆ మూల ఎందుకు కోరుకుంటాడు? పడకగది సీను కంటే ఆ ప్రశ్న నిన్ను దూరం తీసుకెళ్తుంది.

రాయి చెప్పకుండా వదిలేసిన ఖాళీ ఎలా ఉంటుందో చూడాలంటే, హత్షెప్సుట్ తర్వాత వందేళ్ళు దాటాక, టుటంఖామున్ అనే కుర్రరాజు రోజుల చుట్టుపక్కల ఉత్తరం ఒకటి ఉంది. ఈజిప్టు రాణి ఒకామె, ఇప్పటి టర్కీ వైపు ఏలిన హిట్టైట్ల రాజు సుప్పిలులియుమకు రాసింది. “నా భర్త చనిపోయాడు, నాకు కొడుకు లేడు, నీకు చాలామంది కొడుకులున్నారంటారు, ఒకణ్ణి పంపిస్తే అతనే నా భర్త అవుతాడు, నా సేవకుల్లో ఒకణ్ణి మాత్రం చేసుకోను” అని దాని సారాంశం. భయంగా ఉందని కూడా అంటుంది. ఆ రాజు అప్పుడు కార్కెమిష్ నగరాన్ని ముట్టడిస్తున్నాడు, ఇలాంటిది నా జన్మలో ఎరగనన్నాడు, నమ్మక ఒక మనిషిని పంపి కనుక్కోమన్నాడు. చివరికి జన్నన్జ అనే కొడుకును పంపాడు, అతను ఈజిప్టు చేరలేదు, మధ్యలోనే చనిపోయాడు. ఇదంతా మనకు ఈజిప్టు వైపు నుంచి కాదు, ఆ హిట్టైట్ రాజు కొడుకు ముర్సిలి రాయించిన మట్టి పలకల నుంచి తెలుస్తోంది. ఆమె పేరు అందులో దఖమున్జు అని ఉంటుంది. అది పేరు కూడా కాదు, ‘రాజు భార్య’ అనే ఈజిప్టు మాట పరాయి చెవికి అలా వినిపించింది. టుటంఖామున్ భార్య అంఖెసెనామున్ అని ఎక్కువమంది అంటారు, అంతకుముందు రాజు అఖెనాటెన్ భార్య నెఫెర్టీటీ అని అనేవాళ్ళూ ఉన్నారు.

ఈ ఉత్తరం మీద నవల దొరికితే చదివి చూడు, ఆ ‘భయంగా ఉంది’ అన్న మాటను ఏం చేశారో. ఎవరికి భయపడిందో పేరు పెట్టేసి, ఒక దుర్మార్గుణ్ణి తెర మీదికి తెచ్చేసేవాళ్ళే ఎక్కువ. భయానికి పేరు పెట్టకుండా, ఉత్తరం పోయిన రోజు నుంచి జవాబు వచ్చే దాకా ఆ అంతఃపురంలో ఒక మనిషి ఎలా తిని, ఎలా పడుకుంది అని రాసేవాళ్ళు తక్కువ. టుటంఖామున్ సమాధిలో బంగారు సింహాసనం ఉంది కదా, దాని వెనక పలక మీద అంఖెసెనామున్ తన భర్త భుజానికి పరిమళ తైలం రాస్తూ ఉంటుంది, పైన అటెన్ అనే సూర్యబింబ దేవుడి కిరణాలు చేతులు చాచి ఉంటాయి. వాళ్ళు అప్పటికే వదిలేసిన దేవుడు ఆ కుర్చీ మీద అలాగే ఉండిపోయాడు. అదే సమాధిలో రెండు చిన్న శవపేటికల్లో నెలలు నిండని ఇద్దరు ఆడపిల్లలు కూడా ఉన్నారు. “నాకు కొడుకు లేడు” అన్న వాక్యం పక్కన ఈ రెండు పేటికలూ పెట్టుకుని చదువు.

నువ్వు ఇంకో మాట అడిగావు, “అంత పాతకాలపు రాజుల మీద కల్పన రాయడం తప్పు కాదా” అని. కాదమ్మా, ఈజిప్టు వాళ్ళే రాసుకున్నారు. బెర్లిన్‌లో ఉన్న వెస్ట్‌కార్ పాపిరస్ అనే పాత రాతచుట్టలో పిరమిడ్ కట్టించిన ఖుఫూకు అతని కొడుకులు ఒక్కొక్కరే కథలు చెప్తారు. అందులో ఖుఫూ తండ్రి స్నెఫెరు కథ ఉంది, మనకు దొరికిన రాతప్రతి స్నెఫెరు పోయిన దాదాపు వెయ్యేళ్ళకు రాసింది. రాజుకు ఏమీ తోచడం లేదు. పూజారి జాజాఎమంఖ్ సలహా మీద ఇరవై మంది అమ్మాయిలు తెడ్లు వేసే పడవ ఎక్కి కొలనులో తిరుగుతున్నాడు. ముందు వరసలో అమ్మాయి జడ సవరించుకుంటుంటే కొత్త ఫిరోజా రాయితో చేసిన చేప బిళ్ళ జారి నీళ్ళలో పడిపోయింది. ఆమె తెడ్డు ఆపేసింది. ఆమె ఆపితే ఆ వైపు వరసంతా ఆగిపోయింది. రాజు, కొత్తది ఇప్పిస్తాను వెయ్యి అన్నాడు. ఆమె, వద్దు, అలాంటిది కాదు, నాదే నాకు కావాలి అంది. అప్పుడు పూజారి మంత్రం వేసి కొలనులో సగం నీటిని తీసి మిగతా సగం మీద దుప్పటి మడతపెట్టినట్టు పెట్టి, అడుగున పెంకు మీద ఉన్న బిళ్ళ తీసి ఇచ్చాడు.

మంత్రం సంగతి పక్కన పెట్టు. దేవుడితో సమానమైన రాజును ఒక పేరులేని అమ్మాయి నీటి మధ్యలో ఆపేసింది, ‘నాదే కావాలి’ అన్న మాటతో. వేల ఏళ్ళ కిందటి ఆ రచయితకు రాజు కథ ఎలా చెప్పాలో తెలుసు. నీ మూడు అధ్యాయాల్లో రాజుకో రాణికో ఎదురుచెప్పిన పనిమనిషి ఒక్కరూ లేరు. మూడో రామెసెస్ కాలంలో, 29వ ఏడు, దేర్ ఎల్ మెదీనా పనివాళ్ళు, అంటే రాజుల సమాధులు తొలిచి రంగులు వేసేవాళ్ళు, ధాన్యం అందక ఆకలి, దప్పిక అని పనిముట్లు వదిలేసి వెళ్ళి గుళ్ళ దగ్గర కూర్చున్నారు. రాతపూర్వకంగా మనకు తెలిసిన మొదటి సమ్మె అది. అదే రాజును తర్వాత అంతఃపురంలో టియె అనే రాణి, తన కొడుకు కోసం చంపించాలని కుట్ర చేసింది, 2012లో స్కానింగ్ చేస్తే అతని గొంతు కోసి ఉందని తేలింది. నవలలన్నీ ఆ కుట్ర దగ్గరికే పరిగెత్తుతాయి. ధాన్యం రాని ఇల్లు, గొంతు కోసిన గది, రెండూ ఒకే రాజ్యంలోవని చూపించిన నవల నాకు ఇంతవరకు దొరకలేదు.

ఈజిప్టు రచయితను ఒకరినైనా చదువు అని గట్టిగా చెప్తున్నాను, నీ జాబితాలో ఒక్కరూ లేరు. నగీబ్ మహఫూజ్ మొదటి మూడు నవలలూ ప్రాచీన ఈజిప్టు మీదే, 1939 నుంచి 1944 మధ్య వచ్చాయి. మూడోది పరాయి హిక్సోస్ పాలకుల్ని తరిమికొట్టిన కథ, ఆ నవల వచ్చినప్పుడు బ్రిటిష్ సైన్యం ఇంకా ఈజిప్టులోనే ఉంది. చదువుతుంటే ఏ పాలకుల గురించి మాట్లాడుతున్నాడో వేరే చెప్పక్కర్లేదు. 1985లో ఆయనే అఖెనాటెన్ మీద చిన్న నవల రాశాడు. ఒక కుర్రాడు ఆ రాజును ఎరిగినవాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడుగుతాడు, పిచ్చివాడని ఒకరు, మహాత్ముడని ఒకరు, ఎవరి కథ వాళ్ళది, చివరికి నెఫెర్టీటీ దాకా వెళ్తాడు. రాయి ఎంత, మనిషి కలిపింది ఎంత అని నేను ఇందాకటి నుంచి చెప్తున్నదాన్ని ఆయన ఏకంగా నవల కట్టడంలోనే పెట్టేశాడు. వీలైతే ఈ వారమే సంపాదించు.

భాష గురించి కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నీ పాత్రలు నోరు తెరిస్తే పౌరాణిక నాటకం వినిపిస్తోంది. “ప్రభూ, తమ ఆజ్ఞ”, “మాతా, ఆశీర్వదించు”. ఆ మాటలు మన రంగస్థలం మీద కిరీటాలు పెట్టుకున్నవాళ్ళవి, థీబ్స్ నగరంలో నైలు ఒడ్డున ఉన్నవాళ్ళవి కావు. అలాగని ఇప్పటి కాలేజీ భాషా వద్దు. నీ ఇంట్లో పెద్దవాళ్ళు గౌరవంగా, కానీ పని మీద మాట్లాడుకునే తెలుగు ఉంటుంది చూడు, అది తీసుకో. ఫరో అన్న మాటనే చూడు. మన వాళ్ళకు అది బైబిల్లో యోసేపు కథ నుంచి, మోషే కథ నుంచి వచ్చింది, అందుకే వినగానే భయం, మొండితనం గుర్తొస్తాయి. కానీ ఆ మాటకు అర్థం ‘పెద్ద ఇల్లు’ అని. మొదట రాజభవనానికే ఆ పేరు, రాజును పట్టుకుని అలా అనడం హత్షెప్సుట్, థుట్మోస్‌ల వంశం కాలంలో మొదలైంది. మన ఊళ్ళలో ‘పెద్దింటివాళ్ళు’ అన్నప్పుడు గొంతు ఎలా తగ్గుతుందో ఆలోచించు. ఆ గొంతు నీకు దొరికితే ‘ప్రభూ’ అక్కర్లేదు.

వస్తువుల దగ్గర కూడా అంతే, చిన్నవే పట్టుకో. ఇంత పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫూదని నికరంగా చెప్పగల పూర్తి బొమ్మ ఒక్కటే ఉంది, అబైడోస్‌లో దొరికిన దంతపు బొమ్మ, ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు. రెండో రామెసెస్ మమ్మీ ముక్కులో మిరియాలు పెట్టారు. మిరియం ఆ రోజుల్లో దక్షిణ భారతం నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు, క్రీ.పూ. 1213లో, అంటే మూడు వేల రెండు వందల ఏళ్ళ కిందట, మన వైపు నేల మీద కాసిన గింజ ఎన్ని చేతులు మారి ఆ ముక్కులోకి చేరిందో. ఎవరైనా ఆ గింజ వెంట నడిచి నవల రాస్తే బాగుండునని నాకు ఎప్పటి నుంచో ఆశ.

నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావు కదా, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకు వెళ్ళు. అక్కడ ఒక ఈజిప్టు అమ్మాయి మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెస్తే, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. ఆమె ‘ఆరో ఫరో’ కూతురని, పేరు నైషు అని చెప్తూ ఉంటారు. మమ్మీ మాత్రం ఈజిప్టును చివర్లో ఏలిన గ్రీకు వంశం టోలెమీల కాలానిదంటారు, క్రీ.పూ. 300, 100 మధ్యది. ఈజిప్టుకు రాజులు ఏర్పడి అప్పటికి రెండున్నర వేల ఏళ్ళు దాటిపోయింది, ఎక్కడి నుంచి లెక్కపెడితే ఆరో ఫరో అవుతాడో నువ్వే ఆలోచించు. చూడటానికి వచ్చినవాళ్ళకు ఒక రాకుమారి కావాలి, ఆ మాట అందుకే నిలిచిపోయింది. రాకుమారి కాకపోతే ఆమె ఎవరు? ఎవరి కూతురు, ఎవరు ఏడ్చారు, ఇంత నార బట్ట కొనగలిగిన ఇల్లు ఏది? అద్దాల పెట్టె ముందు ఓ అరగంట కూర్చో. ఫోన్ సంచిలో పెట్టెయ్.

కర్నాక్ గుడిలో హత్షెప్సుట్ నిలబెట్టిన ఒబెలిస్క్, అంటే మొనదేలిన రాతి స్తంభం, ఒకటి ఇంకా నిలబడే ఉంది, దాదాపు ముప్పై మీటర్ల ఒకే రాయి, ఏడు నెలల్లో తొలిపించానని ఆమె రాయించుకుంది. అదే శాసనంలో, రాబోయే ఏళ్ళలో ఇవి చూసే జనం నేను చేసినదాని గురించి ఏమంటారోనని నా మనసు అటూ ఇటూ పోతోంది అని కూడా అంటుంది. రాజుగా మారిన మనిషి తన నోటితో చెప్పుకున్న మాట అది. నీ దగ్గర ఆమెవి అనదగ్గ మాటలు చాలా తక్కువ ఉన్నాయి, దీన్ని పెద్ద సీనులో పెట్టి ఖర్చు చేసెయ్యకు.

కాగితాలు రేపు పోస్టులో వేస్తున్నాను. ఒంటెల్ని కొట్టేశాను, నాణేల్ని కొట్టేశాను, ‘రాజు సింహాసనం మీద కూర్చుంది’ కింద రెండు గీతలు గీశాను. రెండో అధ్యాయంలో తండ్రి శవం ఇంకా ఇంట్లో ఉండగా పిల్లాడు ఆమె దగ్గరికి పరిగెత్తుకొచ్చి మొదటిసారి పిలుస్తాడు చూడు, అక్కడ నువ్వు రాసిన ‘మాతా’ చెరిపేశాను. ఆ చోటు ఖాళీగానే వదిలాను. వాడు ఏమని పిలిచాడో తెలిశాక నాకు రాయి.